తోలు కాగాలె

డప్పు ఇంకా మోగలేదు, కాగుతోంది. జనవరి పొద్దు, ఏడున్నర దాటింది. హైదరాబాద్ నుంచి సాగర్ రోడ్డు పట్టి, మాల్ ఊరి దగ్గర దాన్ని వదిలేసి, పత్తి చేన్లూ బత్తాయి తోటలూ రాళ్లగుట్టలూ దాటుకుంటూ మర్రిగూడ చేరావు. సావింటికి కాస్త ఇవతల, వేపచెట్టు కింద నిలబడ్డావు. ఐదుగురు మంట చుట్టూ గొంతుకూర్చున్నారు. మంటలో తాటాకు, ఎండుగడ్డి, ఎవరింటి టీవీదో చింపిన అట్టపెట్టె. ఒక్కొక్కరి చేతిలో ఒక డప్పు. తోలును మంటకు చూపిస్తారు, చక్రంలా తిప్పుతారు, వెనక్కి తీసి వేలితో ఒక్కటి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటారు. రాత్రి మంచు తాగిన తోలు ముందు 'బొద్' అంటుంది. అందులో సారం ఉండదు. మళ్లీ మంటకు. ఈసారి 'దబ్'. ఇంకోసారి. ఒక చోట తోలు బిగిసి, చెక్క వలయాన్ని నాలుగు వైపులా లాగి పట్టుకున్నప్పుడు 'కణ్' మంటుంది. ఆ శబ్దం వచ్చిందంటే ఇక మంట అక్కర్లేదు. ఒక్క క్షణం ఎక్కువ ఉంచితే తోలు పగులుతుంది.

"ఇంకెంతసేపు పెద్దనాయినా?" అన్నాడు నీ పక్కనున్న పిల్లోడు.

"తొందరేందిరా? తోలు కాగాలె. కాగకుంట కొడితే సచ్చినోడు లేసి తిడ్తడు."

పిల్లోడికి ఇరవై రెండు, ఇరవై మూడు ఉంటాయి. నల్ల టీషర్టు మీద ఎండిన తుమ్మకొమ్మలు అల్లుకున్నట్టు తెల్లటి అక్షరాలు. చదవడానికి రావు, చదవడానికి వేసినవీ కావు. హైదరాబాద్‌లో పార్సిళ్లు పంచే పని. పొద్దంతా బండి మీద ఒక చెవిలో మ్యాపు చెప్పే గొంతు, ఇంకో చెవిలో ఈ టీషర్టు మీది సంగీతం. పెద్దనాయిన జట్టులో ఒక మనిషి తక్కువైతే రాత్రి బస్సుకు వచ్చాడు. మంట దగ్గర నిలబడే ఒక ఇయర్‌బడ్ తీసి నీ చెవిలో పెట్టాడు. "ఇను సారు."

ముందు ఫోను పాడైందనుకుంటావు. కింది స్వరమే లేదు. గిటార్ తీగను పైకీ కిందికీ ఆగకుండా గీరుతూనే ఉన్నారు. ఒక్కో దెబ్బ విడిగా వినబడదు, గీరుడంతా కలిసి ఒక పొర అవుతుంది. డ్రమ్ములు గోడ అవతలి నుంచి వస్తున్నాయి. గొంతు ఇంకా దూరం. మనిషి అరుస్తున్నాడు, ఏమంటున్నాడో తెలీదు. పాట నడిచేకొద్దీ దరువు మారదు, వేగం మారదు. రెండు నిమిషాలు గడిచాక, గీరుడు పొర లోపల ఒక చిన్న రాగం కదులుతోందని తెలుస్తుంది. ముందు నుంచీ ఉంది. నీ చెవే ఆలస్యంగా పట్టుకుంది.

అది డార్క్‌థ్రోన్, నార్వే బ్లాక్ మెటల్ జట్టు. ఆల్బమ్ 'ట్రాన్సిల్వేనియన్ హంగర్', 1994. వాయిద్యాలన్నీ ఫెన్రిజ్ అనే ఒక్కడే వాయించాడు. నాలుగే నాలుగు ట్రాకులున్న క్యాసెట్ రికార్డరు మీద, ఇంట్లోనే. ఆ మూలకు 'నెక్రోహెల్' అని స్టూడియో పేరు కూడా పెట్టుకున్నాడు. నొక్టర్నో కుల్టో గొంతిచ్చాడు. డబ్బుల్లేక ఇలా చేశారనుకుంటే పొరపాటు. 1991లో వచ్చిన వీళ్ల మొదటి ఆల్బమ్ స్టాక్‌హోమ్‌లోని సన్‌లైట్ స్టూడియోలో తయారైంది. అప్పట్లో డెత్ మెటల్ వాయించేవాళ్లు వరస కట్టే చోటది. అక్కడికి వెళ్లొచ్చి, ఆ నునుపు చూసి, మాకిది వద్దని వెనక్కి తిరిగారు. గరుకును ఏరికోరి తెచ్చుకున్నారు.

మంట మీద పెద్దనాయిన నీళ్లు చల్లాడు. కుడిచేతిలో సిర్ర, పొట్టిగా లావుగా. ఎడమచేతిలో సిటికెన పుల్ల, సన్నగా పొడుగ్గా, వంగేటట్టు. డప్పు పట్టా మెడకు తగిలించుకుని ఒక్కటి కొట్టాడు. చెవిలో ఇయర్‌బడ్ ఉందన్న సంగతే మర్చిపోతావు.

ఐదు డప్పులు ఒక్కసారి లేచినప్పుడు శబ్దం చెవికి తగలదు, ముందు పక్కటెముకలకు తగులుతుంది. సిర్ర తోలు నడిబొడ్డును కొట్టి బరువు దింపుతుంది. సిటికెన పుల్ల అంచు మీద చిటచిటలాడుతూ ఆ బరువును ముక్కలు చేస్తుంది. సావు దెబ్బ పెండ్లి దెబ్బలా ఊగించదు. తిన్నగా, మొండిగా ముందుకు నెడుతుంది. దూరంగా వినేవాడికి సిర్ర ఒక్కటే అందుతుంది. దగ్గర నిలబడ్డ నీకు సిటికెన పుల్ల దాని సందుల్లో ఎన్ని పనులు చేస్తోందో కనిపిస్తుంది. పెద్దనాయిన ముంజేయి కదలడం లేదు, మణికట్టు మాత్రమే ఆడుతోంది. చూపుడువేలు పక్కన, పుల్ల ఆనేచోట చర్మం గట్టిపడి నల్లబడింది.

పాడె లేచింది. పోయినాయన ఎనభై దాటిన రైతు. మనుమల మనుమలను చూసి పోయాడు కాబట్టి పెద్ద సావు. ఏడ్చేవాళ్లు ఏడుస్తున్నారు, ఎగిరేవాళ్లు డప్పు ముందు ఎగురుతున్నారు. పేలాలు, చిల్లర, గులాలు. ఎవడో పటాకుల లడీ అంటించి బజారు నడిమధ్య పడేశాడు. ఇంకొకడు ఆటోకు కట్టిన హారన్‌లో భజన పాట పెట్టాడు. హారన్ పూర్తిగా తెరిచి ఉంది. గాయకుడి గొంతు రేకులా చీలి, మాటలు పోయి, అరుపు మాత్రమే మిగిలింది. పిల్లోడు నీ వైపు తిరిగి నవ్వాడు. "ఇగో, ఇదే సారు."

ఆ నవ్వులో విషయముంది. ఈ గరుకుకు ఒక వంశం ఉంది. బ్లాక్ మెటల్ అన్న పేరు 1982లో వచ్చింది. న్యూకాసిల్ జట్టు వెనమ్ తన రెండో ఆల్బమ్‌కు పెట్టుకున్న పేరది. వాళ్ల వాయింపు అంత నికార్సు కాదు, పట్టించుకోలేదు కూడా. అదే ఏడాది అదే దేశంలో, కుండలు చేసే స్టోక్ పట్టణం నుంచి డిస్చార్జ్ అనే పంక్ జట్టు తన మొదటి పూర్తి ఆల్బమ్ తెచ్చింది. యుద్ధం, అణుబాంబు, ఆకలి, రెండు మూడు వాక్యాల్లో ఒక పాట. దాని డ్రమ్ము దరువు ఎంతమంది ఎత్తుకున్నారంటే చివరికి జట్టు పేరులోని మొదటి అక్షరంతో 'డి-బీట్' అని స్థిరపడింది. ఆగకుండా ముందుకు తోసే దరువు. 1984లో స్టాక్‌హోమ్‌లో ఒక గరాజును స్టూడియో చేసుకుని బాథరీ అనే జట్టు మొదటి ఆల్బమ్ దింపింది. నార్వే పిల్లలు వీళ్లందరినీ విని పెరిగారు. అందుకే బ్లాక్ మెటల్‌ను తర్వాతెప్పుడో పంక్‌తో కలిపారన్న మాట నాకు కొంచెం తిరకాసుగా అనిపిస్తుంది. రెండూ పుట్టుకలోనే కలిసి ఉన్నాయి. మధ్యలో విడిపోయి, మళ్లీ ఇంటికొచ్చాయి. డార్క్‌థ్రోనే 2006 నుంచి కొన్నేళ్లు బాహాటంగా పంక్ వాయించింది.

పిల్లోడు డప్పు వెనక్కి తిప్పి, ఫోను తీసి, పెద్దనాయిన చేతులకు జానెడు దూరంలో పెట్టాడు. అర నిమిషం రికార్డు చేసి, గోడవారగా వెళ్లి నీకు వినిపించాడు. డప్పు లేదు. ఉన్నది చిరుగుడు. ఫోను మైకు మాట్లాడే గొంతు కోసం చేసింది. దాని శక్తికి మించిన దెబ్బ తగిలితే శబ్దతరంగం శిఖరాలు తెగిపోతాయి. తెగిన చోట అసలు లేని కొత్త స్వరాలు పుడతాయి. చెవికి గరగరగా వినబడేవి అవే. దానికి తోడు ఫోను తనంతట తాను శబ్దాన్ని తగ్గించుకుంటుంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య మళ్లీ పెంచుకుంటుంది. అందుకే రికార్డు ఊపిరి పీలుస్తున్నట్టు ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. క్యాసెట్ టేపుదీ ఇంచుమించు ఇదే కథ. ఎక్కువ శబ్దం పోస్తే అయస్కాంతపు పొడి ఇక పట్టలేనంటుంది, అంచులు అరిగిపోతాయి. ఈ నల్లగొండ జిల్లాలో 1980లలో, 90లలో జననాట్యమండలి పాటలు విన్నవాళ్లకు ఇది కొత్త కాదు. టేపు నుంచి టేపుకు, దాన్నుంచి ఇంకో టేపుకు దింపుకునేవాళ్లు. చేతులు మారిన కొద్దీ 'స్' మనే హోరు పెరిగేది, గద్దర్ గొంతు ఆ హోరు లోపలి నుంచి పొడుచుకొచ్చేది. ఆ హోరు నార్వేవాళ్ల హోరులా కోరుకున్నది కాదు. ఆ క్యాసెట్ ఇంట్లో దొరికితే పోలీసులు వచ్చే రోజులవి. ఎన్ని చేతులు దాటి వచ్చిందో హోరును బట్టి తెలిసేది.

ఊరు దాటే మలుపులో పాడె నీ ముందు నుంచి పోయింది. తెల్లబట్ట కింద తాత మోకాళ్లు. వెల్లకిలా పడుకోబెట్టినా అవి చాపుకోలేదు. బట్ట అక్కడ ఎత్తుగా నిలిచింది. బతికుండగానే ఇరవై ఏళ్లు అలాగే ఉన్నాయని పక్కనున్నామె చెప్పింది. నడుము వంగి, మెడ బిగుసుకుపోయి, మనిషిని చూడాలంటే ఒళ్లంతా తిప్పేవాడట. ఇక్కడి రాతిలోంచి ఫ్లోరైడ్ బోరునీళ్లలోకి దిగుతుంది. తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మర్రిగూడ బోర్లు దానికి ఎన్నో రెట్లు ఇచ్చాయి. ఎముకలు తాగాయి. కృష్ణనీళ్లు నల్లాల్లోకి వచ్చినా, అంతకుముందే బిగిసిన మోకాళ్లు మళ్లీ చాపుకోవు.

బ్లాక్ మెటల్ జట్లు మొహానికి తెల్లరంగు, కళ్లకింద నల్లరంగు పూసుకుని శవాల్లా కనబడటానికి తంటాలు పడతాయి. పాటలనిండా చావు, చలి, శాపం. ఈ మలుపులో నిలబడి ఆ వేషం తలుచుకుంటే కొంచెం పిల్లచేష్టగా ఉంటుంది. పంక్ సంగతి వేరు. నన్నడిగితే, నల్లగొండ జిల్లా చేసిన అసలైన పంక్ పని పాట కాదు, ఒక బ్యాలెట్. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపుతో ఫ్లోరైడ్ బాధితులూ రైతులూ వందల్లో నామినేషన్లు వేశారు. నల్లగొండ స్థానానికి మొత్తం 480 మంది అభ్యర్థులు. బ్యాలెట్ పేపరు కాస్తా బ్యాలెట్ పుస్తకమైంది, పోలింగే వాయిదా పడింది. మూడు తీగలొస్తే చాలు జట్టు కట్టొచ్చని పంక్ అన్నది. డిపాజిట్ కట్టగలిగితే చాలు మా నీళ్ల గోస ఢిల్లీకి వినిపిస్తామని వీళ్లన్నారు.

దారిలో డప్పులు కాస్త నెమ్మదించాయి. పిల్లోడు నడుస్తూనే మాట్లాడుతున్నాడు. 'ట్రాన్సిల్వేనియన్ హంగర్' అట్ట వెనక ఏమచ్చేశారో అతనికి తెలుసు. 'నార్వే ఆర్య బ్లాక్ మెటల్' అని. అందులో సగం పాటలకు మాటలు రాసినవాడు 1993 ఆగస్టులో తోటి సంగీతకారుణ్ణి పొడిచి చంపినవాడు, జాతి దురహంకారి. గొడవైంది. 1995లో వచ్చిన తర్వాతి ఆల్బమ్ అట్ట మీద, మేం నాజీ జట్టు కాదని డార్క్‌థ్రోన్ రాసుకోవాల్సి వచ్చింది.

"తెలిసీ ఎట్ల ఇంటున్నవ్?" అనడుగుతావు.

పిల్లోడు సిర్రతో డప్పు అంచు మీద చిన్నగా కొడుతూ ఆలోచించాడు. "మా తాతను ఈ బజార్ల చెప్పులిడిచి డప్పు కొట్టుమనేటోళ్లు సారు. సావుకు, సాటింపుకు, జాతరకు, దొరొస్తే ముంగట నడిశెతందుకు. పైసలేడియి? గింజలు. ఎట్టి. గా డప్పును మేం ఇడిచిపెట్టలే. డప్పు తప్పా? గిటార్ గూడ అంతే. ఆడెవడో ఆర్య అని రాసుకుంటే గా సౌండు ఆని సొంతమైతదా?"

జవాబు పూర్తిగా ఒప్పుకోవాలని లేదు. జేబులోంచి పోయే డబ్బు ఎవరికి చేరుతుందన్న ప్రశ్న ఉండనే ఉంది. అయితే ఆ మాట వెనక బలముంది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టినప్పుడు, ఊరి పెత్తనం చాటింపుకు వాడుకున్న ఆ దండోరానే ఉద్యమానికి పేరైంది. చెన్నైలో సినిమా దర్శకుడు పా.రంజిత్ పూనికతో ఏర్పడ్డ క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ 2018 జనవరిలో తొలిసారి వేదికెక్కి, మన డప్పుకు తోబుట్టువైన పరైని గిటార్ పక్కన నిలబెట్టింది. కోల్‌కతా జట్టు హీదెన్ బీస్ట్ బ్లాక్ మెటల్‌తోనే మతాన్నీ కులాన్నీ తిట్టిపోసింది. హైదరాబాద్ గాడ్‌లెస్ 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' ఆల్బమ్ తెచ్చింది. కానీ అది డెత్ మెటల్, కొలిచి కోసిన పని. ఈ పిల్లోడికి కావలసింది అది కాదు. అద్దె గదిలో ఒక పాత గిటార్ ఉంది, ఫోనులో ఉచితంగా దొరికిన రికార్డింగ్ యాప్ ఉంది. పెద్దనాయిన సావు దెబ్బ కింద పరిచి, పైన గిటార్ గీరాలని అతని ఆలోచన.

సగం దారిలో రాగిచెట్టు దగ్గర పాడె దించారు. దింపుడు కళ్లం. పెద్దనాయిన చెయ్యెత్తాడు, ఐదు డప్పులూ ఒకే దెబ్బ మీద ఆగాయి. హారన్ ఆటోవాడు మాత్రం ఆపలేదు. ఒకాయన పరుగెత్తి వెళ్లి తిట్టి ఆపించాడు. పెద్దకొడుకు వంగి తండ్రి చెవిలో మూడుసార్లు పిలిచాడు. "నాయినా... నాయినా... నాయినా." ఊపిరి ఉంటే లేస్తాడని. మూడో పిలుపు తర్వాత పెద్దనాయిన అందరికంటే ముందు సిర్ర ఎత్తాడు. ఎత్తడంలో ఆలస్యం ఉండకూడదు. ఆ ఖాళీలో ఇంటివాళ్లు కూలిపోతారని, అందుకే డప్పు వాళ్లను లేపి నడిపించాలని తర్వాత చెప్పాడు. ఈసారి దెబ్బ రెట్టింపు వేగం. ఎగిరేవాళ్ల కాళ్ల దుమ్ము లేచి డప్పుల తోలు మీద ఎర్రగా పడుతోంది, ప్రతి దెబ్బకూ ఎగురుతోంది. నీ చెవుల్లో ఇప్పుడు సిర్ర, సిటికెన పుల్ల వేరువేరుగా లేవు. ఒకటే పొర. పొద్దున ఇయర్‌బడ్‌లో విన్నప్పటిలాగే, కాసేపటికి ఆ పొర లోపల ఏదో కదులుతోందని తెలుస్తుంది. ఐదు డప్పులూ ఐదు రకాలుగా కాగాయి. ఒకటి కొంచెం పైన, ఒకటి కొంచెం కింద. ఆ తేడాలే రాగంలా తిరుగుతున్నాయి.

బొందలగడ్డ దగ్గర పనైపోయేసరికి పదకొండు. డప్పులవాళ్లు చింతచెట్టు నీడన కూర్చున్నారు. చల్లబడిన తోళ్లు మళ్లీ వదులయ్యాయి. ఇంటివాళ్ల తరఫున ఒకాయన వచ్చి, ఒప్పుకున్న దానికి కొంచెం తక్కువ లెక్కపెట్టి ఇవ్వబోయాడు. పెద్దనాయిన తీసుకోలేదు, లేచి నిలబడనూ లేదు. "మాటంటే మాటే పటేలా." రెండు నిమిషాలు అటూ ఇటూ అయ్యాక మిగతాదీ జేబులోంచి వచ్చింది.

అప్పుడు పిల్లోడు ఇయర్‌బడ్ పెద్దనాయిన చెవిలో పెట్టాడు. ముసలాయన కళ్లు మూసుకుని, తల వంచి, ఒక పాట మొత్తం విన్నాడు. నువ్వు నవ్వుతాడనుకున్నావు. నవ్వలేదు.

"కొట్టేటోడు ఒక్కడేనా?"

"ఒక్కడే పెద్దనాయినా. గిటార్ గూడ ఆయ్‌నే."

"చెయ్యి గట్టిదే. ఆగుతలేడు. గని సిర్రే ఇనబడ్తుంది, సిటికెన పుల్ల లేదు. తోలు సుత కాగలే. చలిదేశమా?"

"చలిదేశమే."

"అగో. మంటెయ్యలేదు మరి."

పొద్దుటి రికార్డు కూడా వినిపించాడు, జానెడు దూరం నుంచి తీసింది. పెద్దనాయిన మొహం చిట్లించి ఇయర్‌బడ్ తీసేశాడు. "ఇదేందిరా, రేకు గీకినట్టు. నేనిట్ల కొట్టిన్నా?" పిల్లోడికి మాత్రం అదే నచ్చింది. కావాలని దగ్గర పెట్టానని, చిరగాలనే పెట్టానని చెప్పాడు. ముసలాయనకు అర్థం కాక కాదు. నలభై ఏళ్లు మంట దగ్గర కూర్చుని, వేలితో కొట్టి కొట్టి విని, ఎక్కడ 'కణ్' మంటుందో అక్కడ ఆపిన చెవి అది. శబ్దాన్ని పాడుచేసి దాన్ని అందమనడం ఆయన లెక్కలో చేరదు. గరుకు ఆయన ఎంచుకున్నది కాదు, ఇతరులు ఆయన మీద వేసిన పేరు. ఆయన చేసిందల్లా శ్రుతి. పిల్లోడి గరుకు ఎవరూ వేసింది కాదు, తెచ్చుకున్నది. అది వాడికి దక్కిన స్వేచ్ఛ. ఈ ఇద్దరిలో ఎవరిది నిజమని తేల్చే అవసరం నాకైతే కనబడలేదు.

"లే," అన్నాడు పెద్దనాయిన. నాలుగు తాటాకులు ఏరి మంటేశాడు. డప్పు కాచాడు. పిల్లోణ్ణి ఇరవై అడుగుల దూరం పంపి, ఫోనును రాయి మీద పెట్టి పైన తువ్వాల కప్పమన్నాడు. ఎడ్లబండ్ల కాలం నుంచి పాటలు రికార్డు చేస్తున్న మనిషిలా అన్నీ సర్ది, పెండ్లి దెబ్బ ఒక నిమిషం కొట్టాడు. ఈసారి ఫోనులో సిటికెన పుల్ల స్పష్టంగా, చిటచిటలాడుతూ వచ్చింది.

"గిది స్టేటస్ పెట్టు. నా నంబర్ ఎయ్యి. పెండ్లిళ్లకు, బోనాలకు వస్తమని రాయి."

"ఆ పొద్దుటిది?"

"అది నువ్వేమన్న చేస్కో. నా పేరు మాత్రం పెట్టకు." కొంచెం ఆగి, మాల్ వైపు పోయే ఆటోను చెయ్యెత్తి ఆపుతూ మళ్లీ అరిచాడు. "అరే, తోలు డప్పులని రాయి! ఫైబర్ కాదని పక్కకు రాయి. లేకుంటే బేరమాడ్తరు."